చీర్స్, టోనీ

షెఫీల్డ్ గ్రైండర్స్ అన్న పేరు మొదట విన్నప్పుడు ఇడ్లీపిండి రుబ్బే యంత్రాలమ్మే దుకాణం కాబోలనుకున్నాను. కాదు. ఒకప్పుడు ఈ ఊరి వాగుల పక్కన సానరాళ్ల ముందు కూర్చుని కత్తులకు పదును పెట్టిన కార్మికులను గ్రైండర్లనేవారు. ఆ పేరు పెట్టుకున్నది ఒక అల్టిమేట్ ఫ్రిస్బీ జట్టు. అందులోనూ జీతాలిచ్చి ఆడించే జట్టు.

"ప్లాస్టిక్ పళ్లెం విసురుకున్నందుకు జీతమా?" అన్నాను.

"జీతమంటే గొప్పగా ఊహించుకోకు పార్వ్. సగం మంది పగలు బళ్లలో పాఠాలు చెప్పుకుంటారు" అంది మోరీన్ హాలమ్.

నా పేరు శివపార్వతి. పాతికేళ్లకు పైగా మోరీన్ నోట్లో అది 'పార్వ్' దగ్గరే ఆగిపోతోంది. ఇద్దరం ఒకే ఆసుపత్రి పాథాలజీ ల్యాబులో పనిచేశాం. వచ్చిన రక్తనమూనాలను రిజిస్టరులోకి ఎక్కించడం ఆమె పని, పరీక్షించడం నా పని. సీసా మీది పేరుకూ కాగితం మీది పేరుకూ ఒక్క అక్షరం తేడా వచ్చినా నేను నమూనాను వెనక్కి పంపేదాన్ని. అందుకు ఆమె నన్ను తిట్టుకున్న రోజులు చాలానే ఉన్నాయి. ఇద్దరం రిటైరయ్యాక సరిగ్గా ఆ గుణం కోసమే నా దగ్గరికి వచ్చింది.

గ్రైండర్స్‌ను స్థాపించినవాడు ఆమె భర్త టోనీ, బడిలో వ్యాయామం మాస్టారు. 2017 మార్చిలో గుండెపోటుతో పోయాడు. ఈ సెప్టెంబరులో సీజను ముగిసేనాటికి జట్టు చరిత్ర పుస్తకంగా రావాలని క్లబ్బు తీర్మానించింది.

"వాళ్లనే రాసుకోమంటే టోనీకి రెక్కలు మొలిపిస్తారు. నువ్వైతే సరిచూసి రాస్తావు" అంది మోరీన్.

ఒప్పుకున్నాను. రిటైరైనవాళ్లకు సరిచూడవలసినవి క్రమంగా తగ్గిపోతాయి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా అట్టపెట్టెల నిండా ఉన్న కాగితాలను తేదీలవారీగా పేర్చాను. 2009 జనవరిలో తొమ్మిది మందితో, మంచు పడుతున్న ఒక పార్కులో మొదలైన జట్టు. అందులో ఇద్దరు దారిన పోతూ ఆగినవాళ్లు. 2012లో జెర్సీ రంగు మీద పోట్లాడుకుని నలుగురు విడిపోయి, ఏడాది తిరక్కుండా ముగ్గురు తిరిగివచ్చారు. 2014లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2018లో ఉత్తరాది క్లబ్బులు ఎనిమిది కలిసి నార్తర్న్ డిస్క్ లీగ్ అని పెట్టుకుని టిక్కెట్లు అమ్మడం మొదలుపెట్టాయి. అప్పటినుంచి వీళ్లు ప్రొఫెషనల్స్. ప్రతి వాక్యం కింద ఆధారమేమిటో నోటు పుస్తకంలో రాసుకున్నాను.

ఆటను నాకు విడమరచి చెప్పినవాడు జట్టు కెప్టెన్ హర్షవర్ధన్. ప్రొద్దుటూరువాడు, ముప్ఫై ఆరేళ్లు, లీడ్స్‌లో ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగం. పదకొండేళ్లుగా గ్రైండర్స్‌కు ఆడుతున్నాడు. ఈ సీజనుతో ఆడడం మానేసి, వచ్చే సీజను నుంచి పూర్తికాలపు కోచ్‌గా చేరబోతున్నాడు. కంపెనీకి అప్పటికే రాజీనామా ఇచ్చేశాడు. ఆగస్టు ఆఖరి ఆదివారం సభ్యుల సమావేశంలో నియామకాన్ని ఖాయం చేయడమొక్కటే మిగిలింది.

"వైపుకు ఏడు మంది ఆంటీ. డిస్కు చేతిలో ఉంటే నడవగూడదు, ఇసరల్ల. అవతలి గీత దాటినాక ఎండ్ జోన్‌లో మనోడు పట్టుకుంటే పాయింటు. కింద పడితే వాళ్లకి పోతాది. కాలు గీత మీద పడినా అవుటే."

"అంపైర్ ఎక్కడ నిలబడతాడు?"

"లీగు వచ్చినాక పెట్టినారు గానీ, అసలు ఆటలో అంపైర్ లేడాంటీ. ఎవురి తప్పు వాళ్లే చెప్పల్ల."

"చెప్పకపోతే?"

"చెప్తారు."

"అందరూనా?"

"అందురూ అంటే..." నవ్వాడు. "చెప్పల్ల."

తెనాలిలో చదువుకునే రోజుల్లో మేం నలుగురం ఆడపిల్లలం విభూతి పుట్టించే స్వాముల సభలకు వెళ్లి ముందువరసలో కూర్చునేవాళ్లం. చూడవలసింది స్వామి ముఖం కాదు, చొక్కా చేతి మడత అని అప్పుడే తెలుసుకున్నాను. ముద్దాయే న్యాయమూర్తిగా ఉండే ఆట ఒకటి ఉందనీ, దాన్ని ఎదిగిన మనుషులు నిజంగా ఆడుతున్నారనీ చెబితే నాకు నమ్మబుద్ధి కాలేదు. పుస్తకంలో ఆ అనుమానం రాయలేదు. రాయడానికి ఆధారం కావాలి.

పైగా ఈ జట్టు దగ్గర దానికి విరుద్ధమైన గట్టి ఆధారం ఒకటి ఉంది. హర్షవర్ధనే ఆ ఆధారం.

2017 ఆగస్టు, లీడ్స్ శివార్లలోని మైదానం. లీగుకు ముందటి కాలం, అంపైర్లు లేరు. గ్రైండర్స్ చరిత్రలో మొదటి ఫైనల్ అది, టోనీ పోయిన అయిదో నెల. ఎదుటివాళ్లు ఎయిర్ వ్యాలీ హెరన్స్. స్కోరు పద్నాలుగు, పద్నాలుగు. తరువాతి పాయింటు ఎవరిదైతే కప్పు వాళ్లది. ఎండ్ జోన్ మూలకు వచ్చిన డిస్కును హర్ష గాలిలోకి దూకి అందుకుని పడ్డాడు. గ్రైండర్స్ అంతా అరుస్తూ పరుగెత్తారు. అతను లేచి నిలబడి "చీర్స్, టోనీ" అన్నాడు. ఇక్కడివాళ్లు థాంక్స్ చెప్పే మాట అది. వెంటనే చెయ్యెత్తి "అవుట్" అన్నాడు. కాలు గీత మీద పడిందన్నమాట. చూసినవాడు ఇంకొకడు లేడు. హెరన్స్ డిస్కు తీసుకుని, మైదానం ఆ కొస దాకా వెళ్లి, పాయింటు చేసి, కప్పు ఎత్తుకుపోయారు.

ఆ ఒక్క మాట మీద చాలా కట్టారు. లీగులో అంపైర్లను పెట్టినప్పుడు ఒక ప్రత్యేక నిబంధన చేర్చారు. అంపైర్ నీకు అనుకూలంగా తీర్పు ఇచ్చినా, అది తప్పని నీకు తెలిస్తే చెయ్యెత్తి "చీర్స్, టోనీ" అని డిస్కు వదిలేయవచ్చు. ఎనిమిది జట్ల ఆటగాళ్లూ ఈ ఏడేళ్లుగా మైదానాల్లో అలా అరుస్తున్నారు. పెవిలియన్ గోడకు అదే బ్యానర్. టోనీ సమాధి రాతి మీద, పేరూ తేదీల కింద, మోరీన్ చెక్కించిన మాటలూ అవే.

నేను శంకించినది చాలా చిన్న విషయం. ఆ రోజు గురించి నాకు అయిదు లిఖిత వృత్తాంతాలు దొరికాయి. ఒకదానిలో "థాంక్స్, టోనీ" అని ఉంది, ఇంకొకదానిలో "ఇది టోనీ కోసం" అని. మాటలు కచ్చితంగా ఏవో తేల్చుకుని రాద్దామనుకున్నాను. అంతకుమించి ఏ ఉద్దేశమూ లేదు.

అప్పట్లో హర్షతో కలిసి ఆడిన కీరన్ సౌడెన్ ఇప్పుడు క్లబ్బు అధ్యక్షుడు. ఇంకా ఆడుతున్నాడు కూడా. అతనిచ్చిన ఫోన్ వీడియోలో గాలిహోరు తప్ప ఏమీ వినబడలేదు. హెరన్స్‌కు రాశాను. వాళ్ల పాత సభ్యుడొకాయన ఆ రోజు ఎండ్ జోన్ మూలన, గీతకు అడుగు దూరంలో, చిన్న కెమెరా ఒకటి నేలలో గుచ్చి ఉంచాడట. ఎనిమిదేళ్లలో ఎవరూ అడగలేదు, తనూ తెరిచి చూడలేదు. ఫైలు పంపుతూ "ఇందులో ఎక్కువ భాగం గడ్డే ఉంటుంది, క్షమించండి" అని రాశాడు.

గడ్డే ఉంది. ఆగస్టు మొదటి వారంలో ఒక ఉదయం, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఇయర్‌ఫోన్లు తగిలించుకుని చూశాను. పచ్చిక, తెల్లటి గీత, దూరంగా కాళ్లు. హఠాత్తుగా గాలిలోంచి ఒక మనిషి చట్రంలోకి వచ్చాడు. ముందు కుడికాలు నేలకు తగిలింది, తరువాత మోకాలు, తరువాత భుజం.

ఒక్కొక్క చిత్రంగా ఆపి చూశాను. కుడికాలి బూటుకూ గీతకూ మధ్య పచ్చిక కనిపిస్తోంది. నాలుగు వేళ్ల వెడల్పు. అంచనా తప్పేమోనని బూటు పొడవుతో పోల్చి కొలిచాను. ఇంకొక చిత్రం వెనక్కి, ఇంకొకటి ముందుకి. కాలు లోపలే పడింది. ఏ సందేహమూ లేకుండా లోపల పడింది. గ్రైండర్స్ ఆ కప్పు గెలిచారు.

 ఎనిమిదేళ్ల కీర్తికి మూలమైన నిజాయితీ ఒక పొరపాటన్నమాట! పాపం, పొరపడ్డాడు, లేని తప్పు ఒప్పుకున్నాడు అనుకున్నాను. శబ్దం పెంచి మళ్లీ పెట్టాను.

అతను మోచేతుల మీద లేస్తున్నాడు. ముఖం కెమెరాకు దగ్గరగా ఉంది. ఊపిరి వినబడుతోంది. అప్పుడు మాట వినబడింది.

"ఛీ, తొండి."

ఇయర్‌ఫోన్లు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను. పద్నాలుగుసార్లు విన్నాను. మొదటి మాట 'ఛీ'. దాని తరువాత ఒక చిన్న శ్వాస. చీర్స్‌లోని చివరి ధ్వని అక్కడ లేదు. అది వినేవాళ్ల చెవులు చేర్చుకున్నది. రెండోది 'తొండి'. యార్క్‌షైర్‌వాళ్లు టోనీ పేరును ఒకే తిన్నని 'ఓ'తో పలుకుతారు. ఆయాసంలో మన 'ణ్డ' సగం మింగేస్తే, అయిదు నెలలుగా టోనీ కోసం ఏడుస్తున్న మనిషికి అది 'టోనీ' కాక మరేమవుతుంది? చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరికి తెలుగు వచ్చి ఉన్నా ఈ కథ పుట్టేది కాదు.

అప్పుడు సమాధి రాయి గుర్తొచ్చింది. కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచానో తెలియక, మళ్లీ కూర్చున్నాను. అద్భుతాలు ఎలా పుడతాయో చిన్నప్పటినుంచి నలుగురికీ వివరించి చెబుతూ వచ్చినదాన్ని. ఒక అద్భుతాన్ని ఇలా చేత్తో పట్టుకున్నప్పుడు కలగవలసిన సంతోషం నాకు కలగలేదు. ఎందుకంటే ఇంకొక ప్రశ్న మిగిలింది. కాలు లోపలే పడితే, తొండి ఎవరిది?

ఆ శనివారం ప్రాక్టీసయ్యాక పెవిలియన్ వంటగదిలో హర్ష టీ కలుపుకుంటున్నాడు. మిగతావాళ్లు బయట హద్దులకు గుర్తుగా పెట్టిన కోన్లు ఏరుతున్నారు.

"హర్షా, ఇలా కూర్చో. ఒకటి వినిపిస్తాను."

"ఏందాంటీ, పాటా?"

ఇయర్‌ఫోన్లు ఇచ్చాను. నవ్వుతూనే పెట్టుకున్నాడు. ఎనిమిది క్షణాల ముక్క అది. అయిపోయాక తీసి, వైరును నెమ్మదిగా వేలికి చుట్టుకున్నాడు.

"ఎవురెవురికి చూపించినారు?"

"ఎవరికీ లేదు. ముందు నువ్వు చెప్పు. కాలు లోపలే పడింది. ఆ సంగతి నీకు తెలుసా?"

"తెల్సు."

తెలియదంటాడనుకున్నాను. ఆ జవాబు కోసం నా తరువాతి ప్రశ్న కూడా సిద్ధంగా ఉంది. అది పనికిరాకుండా పోయింది.

"ఎప్పుడు తెలిసింది?"

"పడేటప్పుడే తెల్సు. మా కాళ్లకు తెలుస్తాదాంటీ."

"మరి తొండి అన్నావేం?"

"ఆ క్యాచ్‌ని అనల్యా. దానికంటే ముందుది." గ్లాసు పక్కన పెట్టాడు. "పదమూడు, పదమూడు కాడ ఒకటి కిందగా వచ్చింది. డైవ్ కొట్టి పట్టుకున్యా. డిస్కు నేలకు తగిలినాకే నా చేతికి వచ్చింది. నా చేతి ఏళ్ల కింద గడ్డి నాకు తెల్సు గదా. హెరన్స్ పిల్లోడు అడిగినాడు, నేలకు తగల్లేదా అని. తగల్లేదు అన్న్యా. 'సరే మేట్' అని పక్కకు పోయినాడు. అంతే. ఇంకొక మాట అడగల్యా. వాడు కొట్లాడింటే బాగుండు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నోరు రాల్యా. కీరన్ చేతి ఏలు ఇరగ్గొట్టుకోని ఆడతాండాడు. టోనీ పోయినాడని అందురూ ఏడ్చుకుంటా ఆడతాండారు. ఆ పాయింటు మాకు వచ్చింది. ఆ తర్వాత వాళ్లు ఒకటి చేసినారు. ఆఖరిది నేను పట్టినా. లేస్తాంటే, ఈ కప్పు తొండిది గదా, ఎట్ల ఎత్తుకునేది అనిపించింది. మాట వచ్చేసింది. దాని ఎనకాలే అవుట్ అని చెయ్యెత్తినా. చెల్లుకు చెల్లు అనుకున్యా."

"ఒక అబద్ధానికి ఇంకొక అబద్ధం చెల్లా?"

"మీరు పాథాలజీలో గాదాంటీ, పోలీసుల్లో ఉండల్సినోళ్లు."

"టోనీ సంగతి?"

"నేను అనల్యా ఆంటీ, ఆ పేరు!" గొంతు పెరిగింది. కిటికీ వైపు చూసి తగ్గించాడు. "గ్రౌండ్ దాటకముందే మోరీన్ వచ్చి గట్టిగా పట్టుకున్యాది. విన్నా, వాడిని తలుచుకున్నావు అని ఒకటే ఏడుపు. మొగుడు పోయిన మనిషి. కాదమ్మా, నేను ఛీ తొండి అన్న్యా అని ఎట్ల చెప్పేది? రేపు చెప్తామనుకున్యా. రేపు బ్యానర్ కట్టినారు. ఎల్లుండి రూల్ రాసినారు. ఆ తర్వాత రాయి మీద చెక్కించినారు. ఇంగ ఎప్పుడు చెప్పేది?"

 అప్పుడు ఒక సంగతి తట్టి అదిరిపోయాను. పదమూడు దగ్గరి ఆ క్యాచ్ మైదానం అవతలి కొసన జరిగింది. దానికి వీడియో లేదు, సాక్షి లేడు, కాగితం లేదు. కాలు బయట పడిందని భ్రమపడ్డాను, నన్ను నేనే తిట్టుకున్నాను అని అతను నాతో అని ఉంటే, నా దగ్గరున్న ఆధారాలన్నీ ఆ మాటతో చక్కగా సరిపోయేవి. నేను నమ్మి అలాగే రాసేదాన్ని. అతను చెప్పిన మొదటి అబద్ధానికి లోకంలో ఉన్న ఒకే ఒక్క రుజువు, ఇప్పుడతను నాతో అన్న మాట.

"పుస్తకంలో వేస్తారా?" అని అడిగాడు.

"అబద్ధం వెయ్యను. నీకు చెప్పకుండా నిజమూ వెయ్యను. ఆ అధ్యాయాన్ని పక్కన పెడతాను. ఆఖరి ఆదివారం మీ సమావేశం ఉంది కదా."

"కోచ్ పని పోతాది."

"పోవచ్చు, బాబూ."

"లీడ్స్ ఉద్యోగం ఇడిచిపెట్టినా. ఇంట్లో నా భార్య బిందుకు ఏమని చెప్పల్ల?" జవాబు కోసం చూడలేదు. టీ సింకులో పారబోసి గ్లాసు కడిగాడు. "సర్లే ఆంటీ. ఆ క్లిప్ నా ఫోనుకు పంపండి."

ఆ మూడు వారాలూ అతని నుంచి కబురు లేదు. నేనూ చేయలేదు. మోరీన్ రెండుసార్లు ఫోన్ చేసి 2017 అధ్యాయం ఎంతవరకు వచ్చిందని అడిగింది. సరిచూస్తున్నానన్నాను. అది నిజమే.

సమావేశానికి జట్టులోని పదిహేను మందీ వచ్చారు. పన్నెండు గంటల ఎండ పెవిలియన్ కిటికీల్లోంచి నేల మీద పడుతోంది. మోరీన్ టీ పాత్ర పక్కన నిలబడి కప్పులు అందిస్తోంది. చరిత్ర రాసేదాన్ని గనుక నాకు మూలన ఒక కుర్చీ వేశారు. కీరన్ అజెండా చదివాడు. మొదటి అంశం, హర్షవర్ధన్ కోచ్ నియామకం. చప్పట్లు మొదలయ్యాయి.

హర్ష లేచి, చప్పట్లు ఆగేదాకా ఉండి, ఫోన్‌ను గోడమీది టీవీకి కలిపాడు. బూటు కనిపించింది, పచ్చిక కనిపించింది. మాట వినబడింది. మూడుసార్లు వేశాడు. తరువాత ఇంగ్లీషులో, వంటగదిలో నాతో చెప్పినదే, అదే వరుసలో చెప్పాడు. ఏదీ దాచలేదు. పదమూడు దగ్గరి క్యాచ్‌తో సహా.

 ఎవరి చేతిలోనో చెంచా కప్పుకు తగిలిన చప్పుడైంది.

మొదట మాట్లాడినది జెస్ అనే అమ్మాయి. "ఆగండాగండి. ఏడేళ్లుగా మేమంతా మైదానంలో అరుస్తున్నది 'మోసం' అనా?"

"'ఛీ, మోసం' అని. కచ్చితంగా చెప్పాలంటే" అన్నాను. ఆ దిద్దుబాటు అవసరం లేదని నోరు జారాక తెలిసింది. ఇద్దరు ముగ్గురు పగలబడి నవ్వారు. మోరీన్ ముఖం చూసి ఆపేశారు.

ఆమె టీ పాత్ర కుళాయి కట్టేసింది. "వాడి పేరు అనలేదా, నాయనా?"

"లేదు, మోరీన్."

"ఒక్కసారి కూడా?"

"లేదు."

"టోనీ ఉంటే నవ్వేవాడు. నవ్వి, నిన్ను ఈ మైదానం చుట్టూ ఇరవైసార్లు పరుగెత్తించేవాడు." చేతులు ఏప్రనుకు తుడుచుకుంది. "నేను నవ్వలేను. ఇవాళ నవ్వలేను." వంటగదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

నేలకు తగిలిన డిస్కు గురించి గొడవ జరుగుతుందని నా అంచనా. జరగలేదు. అలాంటిది తనకూ ఒకటి ఉందని ఒకతను నేల చూస్తూ గొణిగాడు. ఇంకొకరు తలూపారు. ఇదింతటితో ముగుస్తుందేమో, క్షమించేస్తారేమో అనుకుంటున్నాను. అప్పుడు కీరన్ అజెండా కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"కాలు లోపల పడింది."

"పడింది" అన్నాడు హర్ష.

"నీకు తెలుసు."

"తెలుసు."

కీరన్ కుడిచెయ్యి ఎత్తాడు. చూపుడువేలు మధ్య కణుపు దగ్గర పక్కకు తిరిగి ఉంది. నేను నాలుగు నెలలుగా ఆ చేతితో కరచాలనం చేస్తున్నాను, ఎన్నడూ గమనించలేదు.

"నువ్వు పదమూడు దగ్గరే చెప్పి ఉంటే డిస్కు వాళ్లకిచ్చి ఆడేవాళ్లం. గెలిచేవాళ్లమో ఓడేవాళ్లమో, ఆడేవాళ్లం. నువ్వది చెప్పలేదు. నీకు మనసులో గుచ్చుకుంది. దాన్ని పీకేసుకోవడానికి మా కప్పు తీసి వాళ్ల చేతిలో పెట్టావు. అది నీ ఒక్కడిదా, ఇచ్చెయ్యడానికి?"

"నేను అలా అనుకోలేదు, కీరన్."

"అదే నేనూ చెప్తున్నా. నువ్వు అనుకోలేదు. ఆ తరువాత ఎనిమిదేళ్లు నువ్వు మహానుభావుడివి. మేం నీ పక్కన నిలబడి ఓడినవాళ్లం. నీ మంచితనానికి చప్పట్లు కొట్టడానికి మిగిలినవాళ్లం. ఫైనల్ ఓడిపోయాం కదా అని మా నాన్నతో చెప్పినప్పుడు, ఓడినా అలా ఓడాలిరా అన్నాడాయన. చనిపోయేదాకా అదే అన్నాడు. మేం ఓడలేదు, హర్షా!"

 బూటును కొలిచాను. ఒక్కొక్క అక్షరాన్నీ విడదీసి విన్నాను. ఒక మనిషి అంతరాత్మ గురించీ ఒక వితంతువు దుఃఖం గురించీ మూడు వారాలు ఆలోచించాను. ఆ మైదానంలో అతనితో కలిసి, వంతులవారీగా దిగుతూ, ఇంకా పదమూడు మంది చొక్కాలు తడిసేలా ఆడారన్న సంగతి నా నోటు పుస్తకంలో ఎక్కడా లేదు. వాళ్ల పేర్ల జాబితా మాత్రం ఉంది, అక్షరక్రమంలో.

హర్ష కీరన్ వేలునే చూస్తున్నాడు.  వంటగదిలో నాతో మాట్లాడినప్పుడు అతని దగ్గర ప్రతిదానికీ జవాబుంది. ఈ ప్రశ్న అతనికీ కొత్తదేనని ముఖం చూస్తే తెలిసింది.

"ఓటు పెడుతున్నాను" అన్నాడు కీరన్. "నియామకం రద్దు కావాలనేవాళ్లు చేతులెత్తండి."

అందరికంటే ముందు లేచిన చెయ్యి హర్షది. తిన్నగా, ఎత్తుగా లేచింది.

"నీ చెయ్యి దించు" అన్నాడు కీరన్.

"నాకూ ఓటుంది."

"ఉంది. కానీ నీ మీద నువ్వే తీర్పు చెప్పుకోవడం ఇక చాలు. ఒకసారి చెప్పుకున్నావు, ఏమైందో చూశాం. ఈ తీర్పు మాది. దించు."

హర్ష చెయ్యి అలాగే కొంతసేపు గాలిలో ఉంది. తరువాత దించి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

చేతులు లేవడం మొదలైంది. ఒకటి, మూడు, ఆరు. జెస్ చెయ్యి సగం లేచి, దిగి, మళ్లీ లేచింది. కీరన్ లెక్కపెట్టి, తనదీ కలిపి, తొమ్మిది అన్నాడు. వద్దన్నవాళ్లు అయిదుగురు. నేను రాసుకున్నాను. రాసిన అంకెలు నాకే సరిగా కనిపించలేదు. కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

"మంగళవారం ప్రాక్టీసుకు రావచ్చా?" అని అడిగాడు హర్ష. కెప్టెన్ గొంతు కాదది. 2009లో ఆ మంచు పార్కు దగ్గర దారిన పోతూ ఆగిన అపరిచితులెవరో అడుగుతున్నట్టుంది.

 కీరన్ తక్కిన పదమూడు మందిని ఒకసారి చూశాడు. ఎవరూ తల అడ్డంగా ఊపలేదు.

"ఆరున్నరకు" అన్నాడు. "కోన్లు పెట్టడం ఎవరి వంతో రోటాలో చూసుకో."

హర్ష లేచి గోడకున్న రోటా కాగితం దగ్గరికి వెళ్లాడు. అందులో తన పేరు పక్కన ఎవరో ముందుగానే 'కోచ్' అని రాసి ఉంచారు. కీరన్ ముందున్న పెన్ను హర్షే తీసుకుని ఆ మాట కొట్టేసి, కోన్ల గడిలో పేరు రాసుకుని, పెన్ను తిరిగి ఇచ్చాడు. కీరన్ పెన్ను అందుకున్నాడు. అతని ముఖంలోకి మాత్రం చూడలేదు. "రెండో అంశం" అని చదవడం మొదలుపెట్టాడు.